నజ్మా ఆంటీ వంచిన తల

మొన్న ఉదయం సింగపూరులోని యీషున్‌లో రైలెక్కాను. పక్క సీటులో కూర్చున్న ఒక చైనా ముసలావిడ చిన్న సీసా మూత తీసి, పచ్చటి తైలం వేలికి అద్దుకుని కణతలకు రాసుకుంది. కర్పూరం, పుదీనా, ఇంకేదో ఘాటు కలిసిన ఆ వాసన ఏసీ చలిలో గుప్పున ముక్కుకు తగిలేసరికి నా కళ్ళు చెమర్చాయి. ఆవిడ కంగారుపడి, "సారీ, సారీ, టూ స్ట్రాంగ్ ఆ?" అంటూ సీసా సంచిలో దాచేసింది. ఘాటు వల్ల కాదని ఆవిడకు ఏమని చెప్పను? నవ్వి తల అడ్డంగా ఊపాను. నజ్మా ఆంటీ పనిలోకి వెళ్ళే ముందు సరిగ్గా ఆ తైలమే, సరిగ్గా అలాగే రాసుకునేది. రాసుకుని, దుపట్టా తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం నిలబడేది. ఆ తర్వాత గదిలోకి వెళ్ళేది నజ్మా ఆంటీ కాదు, ఒక గొంతు మాత్రమే.

ఆవిడను ఎరగనివాళ్ళకు ఆవిడ పనేమిటో చెప్పాలి. పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్ళ మాటలను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు మాటలను వాళ్ళ భాషలోకి మార్చి చెప్పేది. ఇక్కడ దాన్ని ఇంటర్‌ప్రిటర్ అంటారు. ఆంటీ మాత్రం దర్జాగా "నేను దుబాసిని" అనేది. హైదరాబాదు పాతబస్తీ పిల్ల. పెళ్ళయ్యాక భర్త ఇక్కడ ఓడలు బాగుచేసే చోట ఇంజనీరుగా చేరితే ఆయన వెంట వచ్చింది. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. మా బ్లాకులో, మా అంతస్తులోనే ఆవిడ ఫ్లాట్. మా వాడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, మానేసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోకి మళ్ళీ వెళ్ళబుద్ధి కాక నేను ఇంట్లో చిరాకుపడుతూ తిరుగుతున్న రోజులవి. ఒకసారి లిఫ్టు దగ్గర నన్ను ఆపి అడిగింది.

"ఎంతసేపని గోడలతోని మాట్లాడ్తవ్ బేటా? నీ తెలుగు మంచిగుంది, ఇంగ్లీషు మంచిగుంది. నాతోని రారాదు?"

కాకినాడ నుంచి వచ్చిన నాకు ఆవిడ తెలుగు వినడమే ఒక సరదా. సరేనన్నాను. పరీక్షలు, అనుమతులు అన్నీ అయ్యాక, నేర్చుకునేదానిగా కొన్నాళ్ళు ఆవిడ పక్కన కూర్చోవడానికి నాకు వీలు దొరికింది.

నేను మొదటిసారి ఆవిడ పక్కన కూర్చున్నది ఒక కొట్లాట కేసులో. జురాంగ్ వైపు కూలీల వసతిగృహంలో ఇద్దరు మనవాళ్ళు కొట్టుకున్నారు. వాళ్ళలో ఒకతను జరిగింది చెబుతూ, అవతలివాడు తనను ఏమని తిట్టాడో తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు. అమ్మను, అక్కను, వంశాన్ని, దేన్నీ వదల్లేదు. నేను సిగ్గుతో నేలచూపులు చూశాను. ఆంటీ మాత్రం కందిపప్పు ధర చెబుతున్నంత నిదానంగా ఆ తిట్లన్నింటినీ ఇంగ్లీషులో పెట్టింది. తెల్లటి జుట్టు, నుదుటి మీదికి దుపట్టా, నోట్లోంచి ఆ మాటలు. రాసుకుంటున్న కుర్ర ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. "ఆంటీ, అంతా రాయాలా?" అన్నాడు బతిమాలుతున్నట్టు. "మీ ఇష్టం. ఆయన అన్నాడు, నేను చెప్పాను" అంది ఆవిడ.

బయటికొచ్చాక నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడ నవ్వలేదు. "నవ్వులాట కాదు బేటా. మనం మర్యాదకు పోయి ఒక్క మాట మింగితే ఒకరి బతుకు పోతది. ఒక్క మాట కలిపినా పోతది. వాళ్ళు చెప్పింది చెప్పాలె, చెప్పంది చెప్పొద్దు. పని అయినంక అక్కడ నిలబడొద్దు. ఏడ్చే మనిషిని చూస్తే మనసు ఊకుంటదా? అందుకని నిలబడొద్దు." ఆవిడ ఆ చివరిదాన్ని మొదటి రెండింటికన్నా గట్టిగా పాటించేది. పని ముగిసిందంటే సంచి భుజానికి తగిలించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేది. రాతిగుండె మనిషని నేను చాలాకాలం అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు అప్పలనర్సమ్మ వచ్చింది. అసలు పేరు ఇది కాదు, మార్చి రాస్తున్నాను. ఊళ్ళూ గుర్తులూ కూడా అంతే. శ్రీకాకుళం వైపు మనిషి. నలభై దాటని వయసు, అరవై దాటినట్టున్న చేతులు. కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు కట్టి ఉంది. మరిగే నూనె ఒలికిందట. ఒలికి చాలా రోజులైనా ఎవరూ వైద్యం చేయించలేదు. సెంగ్‌కాంగ్‌లో వాళ్ళ అంతస్తులోనే ఉన్న ఒక మలయ్ ముసలావిడ, వరండాలో బట్టలు ఆరేస్తున్న అప్పలనర్సమ్మ చేతిని చూసి హడలిపోయి పోలీసులకు ఫోన్ చేసింది. అలా బయటపడింది ఆ సంగతి.

దుబాసికి కేసు గురించి ముందుగా ఎవరూ చెప్పరు. ఆఫీసరు అడిగే ప్రశ్నలను బట్టే మాకూ తెలుస్తూ వచ్చింది. ఆఫీసరు చైనా అమ్మాయి, మెత్తటి గొంతు. ఆ మెత్తటి గొంతుతో ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. మంచాన పడ్డ ముసలమ్మను చూసుకోవాలని చెప్పి ఈమెను తీసుకొచ్చారు కదా, ఆ ముసలమ్మ ఏది? అలాంటి ముసలమ్మ ఆ ఇంట్లో లేదు, ఎప్పుడూ లేదు. ఇంటిపనికని ప్రభుత్వం దగ్గర పర్మిట్ తీసుకుని, తెల్లారకముందు నుంచి అర్ధరాత్రి దాకా జంతికలు, కాజాలు, పులిహోర వండించి అమ్ముకున్నది నిజమేనా? పడుకునేది వంటగదిలో పిండి బస్తాల మధ్యేనా? పాస్‌పోర్టు వాళ్ళ పూజగూట్లో, దేవుడి పటాల వెనక దొరికింది, అది అక్కడ ఎవరు పెట్టారు? జీతం ఊళ్ళో మీ అమ్మ చేతికి ఎప్పుడైనా చేరిందా?

అన్నింటికీ అప్పలనర్సమ్మ ఒకటే జవాబు చెప్పింది. "నాకేటీ కట్టం నేదు మేడంగోరూ. ఆల్లు నన్ను బాగానే సూసినారు."

ఆంటీ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో చెబుతుంటే నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. బాగా చూశారా? ఆ చెయ్యి చూసుకో తల్లీ అని అరవాలనిపించింది. పైగా ప్రశ్నల మధ్య ఆఫీసరు ఆ ఇంటావిడ పేరు చెప్పింది. ఆ ఇంటావిడను నేనెరుగుదును. తెలుగువాళ్ళ ఉగాది సభలో పట్టుచీర కట్టుకుని నవ్వుతూ స్టాలు దగ్గర నిలబడేది. ఆవిడ చేతి కాజాలకు ఎంత పేరో! ఎవరి చేతివో ఇప్పుడు తెలిసింది. మనుషులను అమ్మేవాళ్ళు, ఎత్తుకుపోయేవాళ్ళు అంటే చీకటి సందుల్లో ఉండే ఏ ముఠాలో అనుకుంటాం. తలంటుకుని, దీపం పెట్టుకుని, పక్కింటి పిల్లల పుట్టినరోజుకు కేకు పంపించే మనిషని ఎవరనుకుంటారు? ఇప్పటికీ తలచుకుంటే నాకు నమ్మకం కలగదు.

ఆఫీసరు కలం పక్కన పెట్టి, తాను ఇలా ఎందుకు గుచ్చిగుచ్చి అడుగుతోందో వివరించింది. ఆంటీ ఆ వివరాన్ని తెలుగులో అప్పలనర్సమ్మకు చెప్పింది కాబట్టి నాకూ అర్థమైంది. ఈ దేశంలో మనుషుల అక్రమ రవాణాకు విడిగా చట్టం ఉంది. ఈమెలాంటి పెద్దవాళ్ళ విషయంలో అది మూడు సంగతులు చూస్తుంది. మనిషిని తెచ్చి పెట్టుకున్నారా, మోసంతోనో భయపెట్టో లొంగదీసుకున్నారా, ఆమె కష్టాన్ని దోచుకోవడానికే అదంతా చేశారా. ఇవి రుజువైతే, ఆమె ఒప్పుకునే వచ్చిందన్న వాదన చెల్లదు. రుజువు కాకపోతే మాత్రం సెలవు ఇవ్వలేదని, జీతం ఇవ్వలేదని, పర్మిట్ ఒకదానికి తీసుకుని పని మరొకటి చేయించారని చిన్న కేసులు మిగులుతాయి. ఆ జంట జరిమానా కట్టి బయటపడినా పడొచ్చు.

"తలుపుకు బయటి నుంచి తాళం వేసేవారా?" అని అడిగింది ఆఫీసరు.

"నేదు."

"కొట్టేవారా?"

"నేదమ్మా. ఒక్క దెబ్బ కూడా నేదు."

"మరి తలుపు తీసే ఉంది, కింద బస్టాపు ఉంది, పక్కింటివాళ్ళు ఉన్నారు. ఎందుకు వెళ్ళలేదు?"

అప్పలనర్సమ్మ కట్టు లేని చేత్తో కొంగు నలుపుతూ కూర్చుంది. చివరికి, బల్లకు చెబుతున్నట్టు తల వంచుకుని, "ఒట్టేసినాను" అంది.

ఆంటీ ఇంగ్లీషులో చెప్పింది, ప్రమాణం చేశానంటోంది అని. ఆఫీసరు కనుబొమలు ముడిపడ్డాయి. ప్రమాణమా, కాగితం మీదా, ఎవరి ముందు అని అడిగింది. తర్వాత తనలో తాను అన్నట్టు, మాట ఇచ్చినందుకు మనిషి ఇన్నాళ్ళు అలా పడి ఉంటుందా అంది. ఆమె తప్పు లేదు. ఆమె పెరిగిన ఇంట్లో మాట ఇవ్వడమంటే మాట ఇవ్వడమే. జరిగింది పోలీసులకు ఎప్పటికీ అర్థం కాదేమో, ఈ కాస్త దారీ మూసుకుపోయిందేమో అనిపించింది.

అప్పుడు నజ్మా ఆంటీ ఆఫీసరు వైపు తిరిగి చెయ్యెత్తింది. "మేడమ్, ఇది దుబాసి సొంత మాట. ఆమె మాట కాదు. దయచేసి అలాగే రాసుకోండి. మీరు అనుమతిస్తే, ఆ ఒట్టు ఎలా వేసిందో చేసి చూపించమని ఆమెను అడగండి." ఆవిడ సొంత మాట అనడం నేను అప్పటిదాకా వినలేదు. ఆఫీసరు కాసేపు ఆలోచించి తల ఊపింది. అలాగే అడిగింది.

అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. అరచెయ్యి చాచింది. ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది, కిందికి దిగలేదు. "ఇలగ..." అంది. "ఇలగ, దేని మీదేటంటే..." మళ్ళీ ఆగిపోయింది. ఆమె చూపు గదిలో ఉన్న తలలన్నింటి మీదా తిరిగింది. ఆఫీసరు తల, నా తల, ఆంటీ తల. ఒక్కొక్క దాని మీదా ఆగి, బెదిరి, పక్కకు పోయింది.

ఆంటీ ఆఫీసరుతో ఇంగ్లీషులో "నా తల వాడుకోవచ్చు" అని, కుర్చీ ముందుకు జరుపుకుని, దుపట్టా వెనక్కి తీసి, ఆ తెల్లటి తలను అప్పలనర్సమ్మ ముందు వంచింది. తర్వాత తెలుగులో, "నా తల మీద పెట్టి చూపియ్యమ్మా. నాకేం గాదు" అంది.

అప్పలనర్సమ్మ ఒక్క ఉదుటున వెనక్కి జరిగింది. కుర్చీ పడిపోయింది. కాలిన చెయ్యినీ మంచి చెయ్యినీ రెంటినీ వీపు వెనక దాచేసుకుని, గోడకు ఆనుకుని, "వొద్దు తల్లీ, వొద్దు! నీకేటైనా అయితే! నా బిడ్డ మీదే ఏసుకున్నాను, అది సాలదా? ఇంకో తల మీద ఎయ్యమనకమ్మా!" అని భోరుమంది.

ఆఫీసరు లేచి నిలబడిపోయింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆంటీ తల ఎత్తకుండానే, ఆ మాటలను ఇంగ్లీషులో చెప్పింది. గొంతు మాత్రం మామూలుగా లేదు. ఆఫీసరు చాలాసేపు ఆ వంచిన తలవైపు, గోడకు అతుక్కుపోయిన మనిషివైపు మార్చి మార్చి చూసింది. తలుపుకు తాళం ఎందుకు అవసరం లేకపోయిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత అప్పలనర్సమ్మ నోరు విప్పింది. ఊళ్ళో బయలుదేరేటప్పుడు, ఆ ఇంటావిడకు మేనత్త వరసైన ఏజెంటు ఒకామె ఇంటికొచ్చి, అప్పలనర్సమ్మ కూతురు గౌరి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుందట. చెప్పిన పని చేస్తానని, వదిలి రానని, లోపలి సంగతి బయట చెప్పనని. పని దొరుకుతోందన్న ఆనందంలో అదేమీ పెద్ద విషయంగా తోచలేదు. ఇక్కడికి వచ్చాక తెలిసింది. వారానికోసారి కూతురితో వీడియోలో మాట్లాడనిచ్చేవారు. గౌరి మొహం ఫోన్లో కనబడగానే, ఇంటావిడ నెమ్మదిగా, నవ్వుతూనే, "చెయ్యి పెట్టు నర్సమ్మా" అనేది. తెర మీద, కూతురి తల కనబడేచోట, అరచెయ్యి ఆనించి ఒట్టు మళ్ళీ వేస్తేనే మాట్లాడనిచ్చేది.

"ఆ పిల్లకేటీ తెల్దు మేడంగోరూ. ఆటనుకునీది. 'అమ్మా, సెయ్యి తియ్యే, నువ్వగుపడ్డం నేదు' అని నవ్వీది."

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చడానికి ఆంటీకి కాస్త సమయం పట్టింది. నేను ఆ గదిలో ఇంక కూర్చోలేకపోయాను, అనుమతి అడిగి బయటికెళ్ళి నీళ్ళు తాగాను. ఎవరికీ కనబడని ఈ గొలుసును కనిపెట్టిన ఆ బుర్రను తలచుకుంటే నాకు భయం వేసింది. మన ఇళ్ళలో రోజుకు ఎన్ని ఒట్లు పెట్టుకుంటాం! పిల్లలు పెన్సిలు కోసం పెట్టుకుంటారు, ఆలుమగలు అలకలో పెట్టుకుంటారు. దాన్ని తీసుకుని ఒక మనిషి మెడకు ఇలా బిగించవచ్చని ఎవరికి తడుతుంది? మనవాళ్ళకే తడుతుంది. ఈ దేశంలో ఇంకే దొంగకూ తట్టదు.

ఆ సాయంత్రం యీషున్ హాకర్ సెంటర్లో, తిండి దుకాణాల మధ్య ఒక బల్ల దగ్గర, ఇద్దరం టీ తెచ్చుకుని కూర్చున్నాం. ఇద్దరమూ తాగలేదు.

"మీరు అంత ధైర్యంగా తల ఎలా వంచారు ఆంటీ? మీకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదా?" అన్నాను.

"మా దాంట్ల అల్లా పేరు మీద తప్ప ఇంకెవరి మీదా కసమ్ తినొద్దంటరు, ఒట్టు పెట్టొద్దంటరు" అంది. "కానీ మా అమ్మీ నా తల మీద చెయ్యి పెట్టి ఎన్ని కసమ్‌లు తిన్నదో! మా నాయనతోని కొట్లాట అయినప్పుడల్లా నా నెత్తే దొరికేది. గట్ల ఆ చెయ్యి దిగినప్పుడల్లా చచ్చిపోతనేమో అని రాత్రంతా మేలుకొని ఉంటుంటి. నమ్మకం ఉందా లేదా అని నన్ను అడుగకు బేటా. ఆ భయం నాకెరుకే."

టీ కప్పు పక్కకు నెట్టి, "బేడీలు ఇనుపవైతే కోసేద్దురు. దీన్ని ఎవడు కోస్తడు?" అంది.

కేసు కోర్టుకు వచ్చింది. ఆ జంట నేరం ఒప్పుకోలేదు. తలుపు తెరిచే ఉండేది, ఇంట్లో మనిషిలా చూసుకున్నాం, దేశం కాని దేశంలో చెప్పుడు మాటలు విని తిరగబడిందని వాళ్ళ వాదన. అంటే అప్పలనర్సమ్మ నిండు కోర్టులో నిలబడి అన్నీ చెప్పాలి. చెప్పను అంది. గదిలో ఏదో దుఃఖంలో నోరు జారింది గానీ, జడ్జీ ముందు నిలబడి చెబితే ఒట్టు పూర్తిగా తెగిపోతుంది, గౌరికేదైనా అయితే తాను బతకనంది. కేసు తేలేదాకా ఆమెను ఉంచిన షెల్టరులోని కౌన్సెలరు ఎన్నో రకాలుగా నచ్చజెప్పింది. మూఢనమ్మకమని ఆమె అన్నదేమో, అప్పలనర్సమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఒట్టు వేయించుకున్నవాళ్ళే తీయాలి, ఇంకెవరూ తీయలేరని ఆమె పట్టు. వేయించుకున్నవాళ్ళలో ఒకరు ఊళ్ళో ఏజెంటు, ఇంకొకరు ముద్దాయిల బోనులో ఉన్న ఆ ఇంటావిడ!

చివరికి ఆమెను కోర్టు మెట్లు ఎక్కించింది కౌన్సెలరూ కాదు, పోలీసులూ కాదు. ఫోన్లో మాటల మధ్య గౌరి ఊళ్ళో కబుర్లు చెబుతూ, వెనకింటి లక్ష్మి కూడా సింగపూరు వెళ్తోందని, అదే ఏజెంటు వచ్చి ఆమె చంటిపిల్లాడి తల మీద ఒట్టేయించుకుని వెళ్ళిందని చెప్పింది. ఆ మర్నాడు అప్పలనర్సమ్మ షెల్టరువాళ్ళతో, వస్తాను, చెబుతాను అందట. అంతకుమించి ఒక్క మాట అనలేదట.

ఆ రోజు కోర్టులో దుబాసి నజ్మా ఆంటీ. నేను వెనక బల్ల మీద జనంలో కూర్చున్నాను. ముందు ఆంటీ తన ప్రమాణం చేసింది, విన్నది విన్నట్టు చెబుతానని. తర్వాత గుమాస్తా సాక్షి ప్రమాణం చదివాడు, ఆంటీ దాన్ని తెలుగులో చెప్పి, అనమంది. అప్పలనర్సమ్మ నోరు తెరవలేదు. ఆమె చూపు ముద్దాయిల వైపు ఉంది. నేనూ అటు చూశాను. ఆ ఇంటావిడ నెమ్మదిగా చెయ్యెత్తి, జుట్టు సర్దుకుంటున్నట్టు, తన నడినెత్తి మీద అరచెయ్యి ఆనించుకుంది. అలాగే ఉంచుకుంది. కోర్టు నిండా మనుషులున్నారు, పోలీసులు ఉన్నారు, లాయర్లు ఉన్నారు. ఆ చెయ్యి ఏం చెబుతోందో తెలిసినవాళ్ళం మాత్రం నలుగురైదుగురం. లేచి అరుద్దామనుకున్నాను. ఆంటీ కూడా చూసింది, దవడ బిగుసుకోవడం నాకు కనబడింది. కానీ ఎవరూ అనని మాట ఆవిడ అనలేదు.

అప్పలనర్సమ్మ చూపు తిప్పుకుని, పైన కూర్చున్న జడ్జీ వైపు చూసింది. చేతులు కట్టుకుని, వినబడీ వినబడకుండా అడిగింది.

"అయ్యా, ఈ ఒట్టు ఎవుల తల మీద?"

ఆంటీ ఆ ప్రశ్నను యథాతథంగా ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క అక్షరం కలపలేదు. జడ్జీ కళ్ళద్దాలు తీశారు. ఆయన ముందున్న కాగితాల్లో పోలీసులకు ఆమె చెప్పిందంతా ఉంది, గౌరి తల సంగతీ ఉంది. ఆయన తొందరపడలేదు.

"ఎవరి తల మీదా కాదని చెప్పండి" అన్నారు. "ఇక్కడ ఎవరూ ఎవరి తలనూ అడగరు. ఆమె మాట చాలు."

ఆంటీ తెలుగులో చెప్పింది. "ఎవరి తల మీదా కాదమ్మా. ఇక్కడ ఎవరూ ఎవరి తలనూ అడగరు. నీ మాట చాలు."

"నా మాట సాల్తాదా?" అంది అప్పలనర్సమ్మ. అదీ ఒక మాటే కాబట్టి ఆంటీ అదీ చెప్పింది.

"చాలు" అన్నారు జడ్జీ.

ఆమె ప్రమాణం చేసింది. మధ్యాహ్నం దాకా చెప్పింది. ముసలమ్మ లేకపోవడం, పిండి బస్తాలు, నూనె, పూజగూడు, ఫోను తెర, అన్నీ. అవతలి లాయరు రకరకాలుగా తిప్పి అడిగాడు. ఆమె కంగారుపడలేదు. ఆంటీ గొంతు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంది. ఆ ఇంటావిడ చెయ్యి ఎప్పుడు కిందికి దిగిందో నేను గమనించలేదు. భార్యాభర్తలిద్దరికీ జైలు పడిందని చాలా కాలం తర్వాత తెలిసింది. ఊళ్ళో ఏజెంటు మీద ఇక్కడి పోలీసులు అక్కడివాళ్ళకు రాశారట, లక్ష్మి ప్రయాణం ఆగిపోయిందట. కానీ ఆ కేసులో నాకు గుర్తుండిపోయింది తీర్పు కాదు.

సాక్ష్యం అయిపోయాక అప్పలనర్సమ్మ బయట వరండాలోకి వచ్చి, షెల్టరు అమ్మాయిని ఫోన్ అడిగింది. ఇప్పుడే, ఈ నిమిషమే గౌరితో మాట్లాడాలి అంది. ఆ అమ్మాయి కలిపి, అందరికీ వినబడేలా పెట్టి ఇచ్చింది. ఆంటీ సంచి భుజాన వేసుకుని అప్పటికే లిఫ్టు వైపు నడుస్తోంది, నేను ఆవిడ వెనకే. పని అయిపోయింది. ఫోను మోగడం వినబడింది. మోగుతోంది, మోగుతోంది. ఎవరూ తీయడం లేదు. ఆంటీ ఆగిపోయింది. పని అయ్యాక ఆవిడ వెనక్కి తిరగడం అదే మొదటిసారి చూశాను.

అప్పలనర్సమ్మ ఫోను రెండు చేతుల్లో పట్టుకుని, పెదవులు బిగించి, నిటారుగా నిలబడి ఉంది. తన బిడ్డ ప్రాణం పణంగా పెట్టానని నమ్ముతూనే ఈ మనిషి పొద్దుటి నుంచి నిజం చెప్పింది. అది అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. మేమంతా ఆమెను ధైర్యం తెచ్చుకోమన్నాం. ఎంత ధైర్యం కావాలో మాలో ఎవరికీ తెలియదు. ఫోను ఇంకా మోగుతూనే ఉంది. నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. చూస్తే ఆంటీ. ఆవిడ పెదవులు ఏదో దువా చదువుతున్నాయి.

"ఏటే అమ్మా?" అంది ఫోన్లోంచి ఒక పిల్ల గొంతు, విసుగ్గా. "అన్నం తింటన్నాను. ఆనక సెయ్యకూడదేటి?"

అప్పలనర్సమ్మ వరండాలో చల్లటి నేల మీద చతికిలబడిపోయింది. ఏడవలేదు. కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత, మామూలు గొంతుతో, "ఏటి కూర?" అని అడిగింది.

"పప్పు" అంది గౌరి.

ఆంటీ నా చెయ్యి వదిలి కళ్ళు తుడుచుకుంది. "చలో బేటా" అంది.

నజ్మా ఆంటీ పోయిన ఏడాది నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆవిడ కూర్చున్న కుర్చీల్లో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. చెప్పింది చెబుతాను, చెప్పనిది చెప్పను. తలుపు తెరిచే ఉన్నా ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా ఎవరినైనా అడిగినప్పుడు మాత్రం, ఆ ప్రశ్నను మార్చి చెబుతూ నా మొహంలోకి అదే ప్రశ్న రాకుండా జాగ్రత్తపడతాను. కట్టేసేది ఏదో నాకు కనబడకపోవచ్చు. ఇంట్లో మా వాడు ఏదో చిన్న తప్పు చేసి, నేను నమ్మలేదనుకుని, "మా, ఐ స్వేర్ లా! ఆన్ యువర్ హెడ్!" అంటూ నా తల మీదికి చెయ్యి తెచ్చాడు మొన్న. ఎక్కడ నేర్చుకున్నాడో! ఆ చిన్న చేతిని దారిలోనే పట్టుకుని నా చేతుల్లో పెట్టుకున్నాను.

"ఒట్టు వద్దు నాన్నా" అన్నాను. "నువ్వు చెప్పావు కదా. చాలు."